నీటిగడ్డి పిలకలు వేయడం నేర్చుకున్న కథ

ఒకప్పుడు నీటిగడ్డికి పిలకలు వేయడం రాదు. ఏ మొక్కకా మొక్క ఒంటరిగా ఉండేది. వెలుగు కోసం మెడ చాచి సన్నగా, పొడుగ్గా పైకి సాగేది. వేళ్లు మాత్రం ఇసుకలో పైపైనే ఉండేవి.

ఆ రోజుల్లో చీరాలలో మస్తానమ్మ అనే ఆవిడ బట్టలు కుట్టేది. కుట్టుమిషను పక్కనే ఒక అద్దాల తొట్టె పెట్టుకుంది. తొట్టెలో వెనకవైపు పొడుగాటి మొక్కలు గుబురుగా ఉండేవి. ముందువైపు ఉత్త ఇసుకే. అక్కడ ఓ నీటిగడ్డి మొక్కను నాటింది.

ఆ తొట్టెలో ఒక బంగారు చేప ఉండేది. దానికి ఎప్పుడూ ఆకలే. మూతితో ఇసుకంతా కుళ్లగించేది. అదే తొట్టెలో ఒక రొయ్య తన పిల్లలతో ఉండేది. ముందువైపు దాక్కునే చోటు లేక ఆ పిల్లలు చేప నోట పడేవి. తల్లిరొయ్య మిగిలిన పిల్లల్ని వెంటబెట్టుకుని ఓ మూల నక్కి ఉండేది.

నాటిన మర్నాడే చేప గడ్డిని పెకలించింది. గడ్డి నీటిమీద తేలింది. మస్తానమ్మ చెయ్యి పెట్టి మళ్లీ నాటింది. చేప మళ్లీ పీకింది, ఆవిడ మళ్లీ నాటింది. ఈ పీకుళ్లకు గడ్డి ఆకులు పసుపుపచ్చగా మారి, కుళ్లి, నీళ్లలో కరిగిపోయాయి.

అది చచ్చిపోయింది, తీసి పారెయ్యమన్నాడు మస్తానమ్మ భర్త వీరాస్వామి. ఆవిడ వేలితో ఇసుక కదిపి చూసింది.

"ఆకు పోయింది గానీ వేరు తెల్లగానే ఉందయ్యా. దాన్నలా ఉండనీ. బతుకుతుంది," అంది.

ఇసుకలో ఉన్న గడ్డి ఆ మాట విన్నది. దానికి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే తల్లిరొయ్య వచ్చి, తన పిల్లలకు కాస్త చోటిమ్మని బతిమాలింది. గడ్డికి ఇవ్వాలనే ఉంది. కానీ ఒక్క మొక్క ఎంతమందిని దాచగలదు? పైకి పెరిగితే చేప పట్టి లాగేస్తుంది. పెరగకపోతే వెలుగు అందదు. ఆ దిగులే, తొట్టెకు వెలుగిచ్చేందుకు పైన పెట్టిన దీపంతో చెప్పుకుంది.

"నువ్వు ముందువరసలో ఉన్నావు. నీకూ నాకూ మధ్య అడ్డెవరూ లేరు. నువ్వెందుకు ఎక్కి రావడం? నేనే దిగి వస్తాను," అంది దీపం.

గడ్డి పైకి సాగడం మానేసింది. ఉన్న బలమంతా వేళ్లకు పెట్టింది. ఇసుక కిందనుంచి తీగలాంటి ఒక కాడను చప్పుడు లేకుండా పక్కకు పంపింది. దాని చివర చిన్న పిలక లేచింది. ఆ పిలక వేళ్లు దించుకుని, తానూ ఇంకో కాడను పంపింది.

చేప వచ్చి పిలకను పట్టి లాగింది. రాలేదు. ఇసుక కింద ఒకవైపు తల్లి, ఇంకోవైపు చెల్లెళ్లు దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నారు. చేప లాగి లాగి, మూతి నొప్పి పుట్టి, వెనక్కి వెళ్లిపోయింది.

వానాకాలం వచ్చేసరికి ముందువైపంతా పచ్చటి తివాచీ అయింది. రొయ్యపిల్లలు అందులో దూరి తిరుగుతుంటే చేపకు ఒక్కటీ చిక్కలేదు. మస్తానమ్మ మిషను ఆపి భర్తను పిలిచింది. వీరాస్వామి వంగి చాలాసేపు చూశాడు.

"నువ్వన్నట్టే బతికింది. బతకడమేంటి, తొట్టెనే ఏలుతోంది," అన్నాడు.

అప్పటినుంచే నీటిగడ్డి కొత్తచోట నాటగానే పాత ఆకులు వదిలేసి, ముందు వేరు దించుకుంటుంది. వెలుగు బాగా తగిలేచోట పొట్టిగానే ఉండి, ఇసుక కింద కాడలు పంపి, పిలక మీద పిలక వేస్తూ నేలంతా గెలుచుకుంటుంది.