చేప ముద్ర పతకం

అనగనగా, జర్మనీ దేశం ఇంకా ఒక్కటి కాకుండా చిన్న చిన్న రాజ్యాలుగా ఉన్న రోజుల్లో, వాల్డ్‌మార్క్ అనే రాజ్యాన్ని లుడోల్ఫ్ అనే రాజు ఏలేవాడు.

ఆయన కొలువులో హెడ్విగ్ అనే ఆవిడ ఉండేది. పతకం చేతిలోకి తీసుకుంటే చాలు, ఏ కంసాలి చేశాడో, ఏ పూత వేశాడో చెప్పేసేది. ఇరవై ఏళ్ళుగా ఆమె మాటకు తిరుగులేదు.

ఒకనాడు రాజు చాటింపు వేయించాడు.

"మా తండ్రిగారి కాలంలో వంతెన దగ్గర శత్రువులను ఆపిన వీరులకు బంగారు పూత వేసిన వెండి పతకాలిచ్చారు. వారి పేర్లు ఆ వంతెన మీద చెక్కిస్తాను. పతకాలు తెచ్చి చూపండి. దొంగ పతకం తెచ్చినవారిని మాత్రం పొలిమేర దాటిస్తాను!"

మొదట ఒక వర్తకుడు తళతళలాడే పతకం తెచ్చాడు. వెనకవైపు చిన్న సుత్తి గుర్తు ఉంది. అది ఆ పతకాలు చేసిన కంసాలి మత్తియాస్ ముద్ర.

హెడ్విగ్ వేలితో తడిమి చూసింది. "ప్రభూ, కొట్టిన ముద్రకు అంచులు పదునుగా ఉంటాయి. ఇవి మొద్దుబారి ఉన్నాయి. అసలు పతకానికి అచ్చు తీసి, అందులో లోహం పోశారు."

వర్తకుడి మొహం పాలిపోయింది.

తరువాత ఒక కోట అధికారి నల్లబడిన పతకం తెచ్చాడు. ముద్ర పదునుగానే ఉంది.

"ఏళ్ళ తరబడి ధరించిన పతకం ఎత్తుల్లో అరిగి మెరుస్తుంది. నలుపు పల్లాల్లోనే నిలుస్తుంది," అంది హెడ్విగ్. "ఇది అంతటా ఒకేలా నల్లగా ఉంది. పొగ పట్టించారు ప్రభూ."

అధికారి తల దించుకున్నాడు.

చివరగా ఉర్సులా అనే ముసలమ్మ వచ్చింది. బట్టలుతికి బతికే మనిషి. భర్త కోన్రాడ్ పతకాన్ని గుడ్డలో చుట్టి తెచ్చింది. దాని వెనక సుత్తి లేదు, చేప ఉంది! సభంతా నవ్వింది.

హెడ్విగ్ రెండోసారి చూడనైనా లేదు. "మత్తియాస్ ముద్ర సుత్తి. ఇది నకిలీ."

"నన్ను వెళ్ళగొట్టండి తల్లీ," అంది ఉర్సులా. "మా ఆయన్ని మాత్రం అబద్ధాలకోరు అనకండి. పోయేదాకా ఆయన దీన్ని కోటు మీంచి తీయలేదు."

మూడు రోజుల్లో రాజ్యం విడిచి పొమ్మన్నాడు రాజు.

సభ ముగిశాక హెడ్విగ్ పతకాలను పెట్టెలో సర్దుతోంది. చేప పతకం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. బంగారం గీతల లోపల మాత్రమే మిగిలి ఉంది. వెనకవైపు కోటు రాపిడికి నున్నగా అరిగింది. ఒక్క రోజులో ఎవరూ చేయలేని అరుగుదల అది.

తాను పొరబడ్డానని హెడ్విగ్‌కు అర్థమైంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ళ పేరు అలాగే నిలుస్తుంది. అయినా ఆమె బండి కట్టించింది.

ఒక రోజు ప్రయాణం చేసి, కొండల్లో ఉన్న మత్తియాస్ ఇంటికి చేరింది. తొంభై ఏళ్ళ ఆ కంసాలికి చూపు పోయింది. పతకం మీద బొటనవేలు ఆనించగానే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇది మా గ్రెటా ముద్రమ్మా! ఆ చలికాలం నేను జ్వరంతో మంచం పట్టాను. చివరి పతకం మా ఆవిడే చేసింది. నా సుత్తి ముద్ర వేయమన్నాను. 'నా చేత్తో చేసినదానికి నీ గుర్తెందుకు?' అంటూ చేప గుర్తుతో సొంత ముద్ర చెక్కుకుని వేసింది."

మూడోనాడు పొద్దున్నే ఉర్సులా మూట పట్టుకుని పొలిమేర దగ్గర నిలబడింది. అప్పుడే హెడ్విగ్ బండి వచ్చి ఆగింది. ఆమె దిగి, ముసలమ్మ చెయ్యి పట్టుకుని కొలువుకు తీసుకువెళ్ళింది.

"ప్రభూ, నేను తప్పు చెప్పాను," అంది అందరూ వినేలా. "ముద్ర చూసి పూత చూడలేదు. ఈ పతకం అసలుదే." మత్తియాస్ చెప్పినదంతా వివరించింది.

మంత్రి మొహం చిట్లించాడు. "ఇక నీ మాట ఎవరు నమ్ముతారు?"

"నేను నమ్ముతాను," అన్నాడు రాజు. "మునుపటి కంటే ఎక్కువగా."

వారం తిరక్కుండా కోన్రాడ్ పేరు వంతెన రాతికెక్కింది. ఉర్సులాకు చదువు రాదు. హెడ్విగ్ చేత ఆ పేరు చదివించుకుని, అక్షరాలను నిమిరి, "మళ్ళీ ఒక్కసారి చదువమ్మా," అంది.

పిల్లలూ, ఎదుటివారి తప్పు పట్టడం తెలివి; తన తప్పును నలుగురిలో ఒప్పుకుని సరిదిద్దడం అంతకన్నా గొప్ప ధైర్యం.