పైపై తడి

అచ్యుతయ్య గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, చేతికి ఏదో ఒక పని తగిలించేవారు. అందుకే ఆయన ఆశ్రమంలో పాత శిష్యులు నోరు విప్పేముందు రెండుసార్లు ఆలోచించుకునేవారు. పేర్రాజు కొత్తవాడేం కాదు, నాలుగేళ్ళుగా అక్కడే ఉంటున్నాడు. కాని ఆ వైశాఖమాసపు ఉదయం అతని కడుపు మండిపోతోంది. ఆలోచించే ఓపిక ఎక్కడిది?

"మా అన్నయ్య సత్తిరాజు వస్తానని ఉత్తరం రాశాడండీ, ఆషాఢంలోనట," అన్నాడు. "వాడి మొహం చూడబుద్ధి కావడం లేదు. కిందటేడు మా అమ్మ పోతే, పెద్దకర్మ కూడా అయిపోయాక నాకు రాశాడు. క్షమించాను, క్షమించాను అని రోజూ పొద్దున్నే అనుకుంటున్నాను. మధ్యాహ్నానికల్లా మళ్ళీ ఒళ్ళు మండుతోంది. ఈ కోపం ఎందుకు పోదండీ?"

పెద్దవాణ్ణి పట్టుకుని వాడు వీడు అంటున్నానన్న స్పృహ కూడా అతనికి లేదు. గురువు గారు మందిరం ముందున్న పచ్చిక వైపు చూపించారు.

"మీ అన్న వస్తే కూర్చోబెట్టేది దాని మీదే. తూర్పు సగం నీది, పడమటి సగం నాది. నీ సగం ఎలా పెంచుకుంటావో నీ ఇష్టం."

ఆ ఆశ్రమం మంచుకొండల అవతల ఉంది. అక్కడ ఎండలో నిలబడితే చర్మం చిట్లుతుంది, నీడలోకి జరిగితే వేళ్ళు కొంకర్లు పోతాయి. వాన అంటే ఏడాదికి నాలుగు చినుకులు. కొండమీది మంచు కరిగి సన్నటి కాలువగా దిగుతుంది, చుట్టుపక్కల పచ్చగా కనబడేదంతా ఆ కాలువ పుణ్యమే. గడ్డి చలికాలమంతా ఎండుటాకు రంగులో చచ్చినట్టు పడి ఉండి, వైశాఖంలో మెల్లగా కళ్ళు తెరుస్తుంది.

పేర్రాజుది కోనసీమ. నీళ్ళలో పుట్టి పెరిగినవాడికి గడ్డి పెంచడం ఒకరు నేర్పాలా? తెల్లవారకముందే వాళ్ళమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లడం చిన్నప్పటి నుంచి చూసినవాడు. సరిగ్గా అలాగే బకెట్లతో నీళ్ళు మోసుకొచ్చి, చేత్తో విసిరి, ప్రతి ఉదయం తన సగమంతా తడిపేవాడు. విసిరినప్పుడల్లా "క్షమించాను" అనుకునేవాడు. అక్కడికి రెండు పనులూ ఒకేసారి అయిపోయేవి! నున్నగా ఉండాలని గడ్డిని నేలకంటా కోసేవాడు కూడా. మూడు వారాల్లో అతని సగం చిలకపచ్చగా తయారైంది, వచ్చినవాళ్ళు ఆగి చూసి మెచ్చుకున్నారు.

గురువు గారి సగం చూస్తే నవ్వొచ్చేది. గడ్డి నాలుగు వేళ్ళ ఎత్తున బరకగా ఉండేది. ఆయన పది పన్నెండు రోజులు చుక్క నీరు పెట్టేవారు కాదు. అడుగు వేస్తే నలిగిన గడ్డి మళ్ళీ లేవకుండా పడి ఉండేదాకా ఆగేవారు. అప్పుడు కాలువ మళ్ళించి, ఇనుప చువ్వ గుచ్చితే జానెడు లోతు మెత్తగా దిగేదాకా నీరు పారించేవారు. "పెద్దాయనకి మతిమరుపు మొదలైంది, పాపం," అని పేర్రాజు తోటివాళ్ళ దగ్గర జాలిపడ్డాడు.

ఆషాఢం వచ్చింది, దాని వెంట పొడిగాలి వచ్చింది. నాలుగు రోజులు ఆగకుండా కొట్టింది. పేర్రాజు రోజుకు రెండుసార్లు చల్లాడు, మూడుసార్లు చల్లాడు. ఐదోనాటి ఉదయానికి అతని సగం ఎండుగడ్డి అయిపోయింది. పడమటి సగం మాత్రం ఎప్పటిలాగే బరకగా, పచ్చగా ఉంది. అన్న రావడానికి ఇంకొక్కరోజే ఉంది.

గురువు గారు పార తెచ్చి తూర్పు సగంలో ఒక అంచు ఎత్తారు. గడ్డి చాప చుట్టినట్టు లేచి వచ్చేసింది. వేర్లు గోరంత ఉన్నాయి, కింద మట్టి పిండిలా రాలుతోంది. పైన పటారం, లోన లొటారం. అదే పార పడమటి సగంలో దించి ఎత్తబోతే ఆయన వల్ల కాలేదు.

"పైపైనే రోజూ తడి దొరుకుతుంటే వేరు కిందికెందుకు వెళుతుంది?" అన్నారు.

పేర్రాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీకు ముందే తెలుసు!" అని అరిచాడు. "తెలిసీ చూస్తూ ఊరుకున్నారు. అంతా అయిపోయాక ఇప్పుడు చెబుతారా? ముందే ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది?"

గురువును అంత మాటన్నవాడు ఆ ఆశ్రమంలో అంతకుముందు లేడు. ఆయనకు కోపం రాలేదని చెబితే అబద్ధమవుతుంది. పార విసిరికొట్టారు.

"బాగా అడిగావు. కాని అడగవలసింది నన్ను కాదు," అని లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు సత్తిరాజు వచ్చాడు. రైలు దిగాక రెండు రోజులు బస్సుల్లో నలిగి, ముక్కు చీదుకుంటూ, పచ్చిక మీద చతికిలబడ్డాడు. పేర్రాజు ఎదురుగా నిలబడ్డాడు. ఏడాదిగా వల్లించిన మాట నోటిదాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది. దాని అడుగున ఉన్నది పైకి తన్నుకొచ్చింది.

"అంతా అయిపోయాక చెబుతావా అన్నయ్యా? నేను ఆవిడ కొడుకుని కానా?"

"ఓరి నీ అసాధ్యం కూలా!" సత్తిరాజు లేచి నిలబడ్డాడు. "ఇల్లొదిలి గుమ్మం దిగుతూ ఏమన్నావురా? చావైనా పెళ్ళైనా నాకు కబురు పెట్టొద్దు అన్లేదూ?"

"అన్నాను! అంటే మాత్రం? అమ్మకి కూడానా?"

"మూడ్రోజులు నీ పేరే పిలిచిందిరా! పక్కన ఉన్నవాణ్ణి నేను. నన్ను పిలవలేదు. ఒక్కసారి కూడా పిలవలేదు. నీకెలా రాయమంటావురా? ఏ చేత్తో రాయమంటావు?"

ఇద్దరి గొంతులూ కొండకు కొట్టుకుని తిరిగి వస్తున్నాయి. ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. కొట్టుకుంటున్నారో కావలించుకుంటున్నారో దూరానికి తెలియడం లేదు. విడదీద్దామని శిష్యులు పరుగెత్తబోతే అచ్యుతయ్య గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగండి. ఇప్పుడే తడి లోపలికి దిగుతోంది."