పిరికివాడి గడియారం

వెనకటికి కొండపేట జమీందారుకు చేతి గడియారాల పిచ్చి ఉండేది. అందులోనూ పల్టన్లలో సిపాయిలకిచ్చిన పాత గడియారమంటే చాలు, ఎవరి దగ్గరున్నా దర్జాగా లాక్కుని తన అద్దాల బీరువాలో పెట్టుకునేవాడు. వచ్చిన అతిథులకు అవన్నీ తానే యుద్ధంలో గెలిచినట్టు చూపించేవాడు.

పల్టన్లో వంట చేసి వచ్చిన సూరప్పకు హవల్దారు ఇచ్చిన గడియారం ఒకటుంది. రోజుకు పావుగంట వెనకబడినా సూరప్పకు అది ప్రాణం. సంగతి తెలిసి జమీందారు అతన్ని నిండు కొలువుకు పిలిపించాడు.

"గరిటె తిప్పేవాడికి వీరుల గడియారం ఎందుకురా? ఇలా తే," అని చెయ్యి చాచాడు.

సూరప్ప గడియారం విప్పాడు. "నిజమే దొరా. ఫిరంగి పేలితే నేను గంగాళం బోర్లించుకుని దాక్కున్నవాణ్ణి. అది చూసే హవల్దారుగారు దీన్ని నా చేతికి కట్టారు. నాకంటే పిరికివాడు కనబడితే వాడికిచ్చెయ్యమని ఒట్టు వేయించుకున్నారు. పదేళ్లుగా వెతుకుతున్నాను, ఒక్కడూ దొరకలేదు. తమరే అడిగారు గనక, తీసుకోండి."

కొలువంతా జమీందారు చేతివైపే చూసింది. ఆ చెయ్యి మెల్లగా మీసం మీదికి వెళ్లింది.

"ఛీ, నువ్వే ఉంచుకో," అన్నాడాయన.

ఇంటికొచ్చాక భార్య నూకాలు, "హవల్దారు నిజంగా అలా అన్నాడేటి?" అని అడిగింది.

"లేదే! నా చేపల పులుసు మెచ్చి ఇచ్చాడు. ఆ మాట చెబితే దొర గడియారంతోపాటు నన్నూ తన వంటింట్లోకి లాక్కునేవాడు," అన్నాడు సూరప్ప.