ఐదు వన్నెల కుళ్ళాయి

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మీ అమ్మకి చెప్పాను, మీ మామయ్యకి చెప్పాను. మీరుండే చోటు దూరమైపోయి మీ వంతు మిగిలిపోయింది. చంటీ, గోడవైపు జరగరా, చెల్లెలికి చోటియ్యి. ఊ కొట్టాలి మరి! కొట్టకపోతే పడుకున్నారనుకుని సగంలో ఆపేస్తాను.

అనగనగా తివాచీలు నేసే ఊరొకటి. ఏ ఇంట్లో చూసినా మగ్గమే, ఏ పెరట్లో చూసినా రంగు కాగే. గొర్రెబొచ్చు వడికి ఊలు తీసేవాళ్ళు, ఊలు తీసి కాగులో ముంచేవాళ్ళు, ముంచింది దండేల మీద ఆరేసేవాళ్ళు, ఆరింది మగ్గానికి ఎక్కించేవాళ్ళు. ఆ ఊరివాళ్ళని ఎక్కడైనా ఇట్టే పోల్చుకోవచ్చు. మోచేతుల దాకా రంగే!

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. తివాచీ నేశాక రంగుకి గుప్పెడు చొప్పున ఊలు మిగులుతుంది కదా. దాన్ని పారెయ్యరు, వాడరు. రంగుకో ఉండ చుట్టి కుండలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, ఆ తివాచీ ఎవరిదో గుర్తుపెట్టుకుని అటకెక్కిస్తారు. ఎందుకంటారా? ఒక కాగులో దిగిన ఎరుపు ఇంకో కాగులో దిగదు. నేనే పెట్టినా నిన్నటి పులుసూ ఇవాళ్టి పులుసూ ఒకలా ఉంటాయా? అలాగే ఇదీను. రేపు ఆ తివాచీని ఎలక కొరికినా, నిప్పు పడినా, ఆ కుండలో ఊలుంటేనే అతుకు కనపడకుండా పూడ్చగలరు. అందుకని కుండలో ఊలు పోగొట్టిన మనిషి మళ్ళీ మగ్గం ముందు కూర్చోకూడదు. అదీ కట్టుబాటు. ఊ కొడుతున్నారా?

ఆ ఊళ్ళో పేరంటాలమ్మ అని ఒకావిడ. ఆవిడకో కొడుకు, కోడలు, ఏడు నెలల మనవడు. కొడుకు తివాచీలు పడవకెక్కించుకుని అమ్ముకురావడానికి పోయాడు. కోడలు నాంచారి గొర్రెలు కాచుకునేవాళ్ళ పిల్ల. మగ్గమంటే ఏమిటో అత్తగారింటికి వచ్చాకే చూసింది. చూసి, కూర్చుని, నేర్చుకుని, రెండేళ్ళలో ఊరందరికంటే బాగా నేసింది.

పేరంటాలమ్మకి కట్టుబాటంటే ప్రాణం. పొద్దున్న చెప్పేది, మధ్యాహ్నం చెప్పేది, దీపం పెట్టాక చెప్పేది. "నాంచారీ, కుండలో ఊలు మనది కాదే. ఒక్క పోగు తీసినా దొంగతనమే." కొత్తలో ఆ పిల్ల తెలియక జడకి ఎర్రపోగు ఒకటి కట్టుకుంటే, వీధిలో నిలబెట్టి నలుగురూ వినేలా చివాట్లు పెట్టింది. ఆ పిల్ల తలొంచుకుని పోగు విప్పి చేతిలో పెట్టింది.

ఆ ఏడు చలికాలం వచ్చింది. మామూలు చలి కాదు, కాగులో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయే చలి. మనవడు చెవిపోటుతో గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పేరంటాలమ్మ మనసు ఆగలేదు. కుళ్ళాయి అల్లుదామంటే ఇంట్లో ఉన్నదంతా ముతక ఊలు, పసివాడి చెవులు గీరుకుపోతాయి. మెత్తటి ఊలు ఒక్క కుండలోనే ఉంది. ఏ కుండ? రాజుగారి కుండ! కొలువుకూటంలో పరిచే తివాచీ ఈ ఇంట్లోనే నేశారులెండి.

చెవుల దగ్గర కాస్త ఎరుపు చాలనుకుంది. అందరూ భోంచేసి నడుం వాల్చాక, పశువుల పాక వెనక కూర్చుని, రెండు వెదురుపుల్లలతో ఎరుపు ఒక వరస అల్లింది. ఎరుపు ఒక్కటే బాగోలేదని దాని మీద పసుపు. పసుపు వెలవెలబోయిందని దాని మీద పచ్చ. పచ్చకి తోడుండాలని నీలం. నీలం దాకా వచ్చి తెలుపు మానడమెందుకని తెలుపు, తెల్లటి కుచ్చూను. ఎరుపు, పసుపు, పచ్చ, నీలం, తెలుపు! నాలుగు మధ్యాహ్నాల్లో కుళ్ళాయి అయింది, కుండ ఖాళీ అయింది. ఖాళీ కుండకి మళ్ళీ గుడ్డ కట్టి అటకెక్కించింది చూశారూ, అక్కడే ఆవిడకి తెలుసు తను చేసిందేమిటో.

కోడలితో మాత్రం సంతలో కొన్నానంది. నాంచారి కుళ్ళాయిని రెండు వేళ్ళతో నలిపి చూసి, "మెత్తగా ఉందత్తా," అంది. అంతే.

ఇంతలో ఏమైంది? కోటలో సాంబ్రాణి వేస్తుంటే నిప్పు జారి తివాచీకి అరచేయంత చిల్లు పడింది. రాజుగారి బంట్రోతు పరుగున వచ్చాడు. వీధి పెద్ద బుచ్చయ్య వచ్చాడు, చూడ్డానికి వీధంతా వచ్చింది. కుండ దింపారు, గుడ్డ విప్పారు. లోపల ఏముంది? గాలి!

అటక మీద వెతికారు, అటక కింద వెతికారు. గాదెలో వెతికారు, గాదె వెనక వెతికారు. వెతికి వెతికి, అందరూ నాంచారి వంక చూశారు.

"జడకి పోగు తీసిన చెయ్యేగా! రుచి మరిగింది," అంది పక్కింటి సూరమ్మ.

"ఏమ్మా, నువ్వు తీశావా?" అన్నాడు బుచ్చయ్య.

నాంచారి కుండ గుడ్డ మడతపెడుతూ ఉండిపోయింది. అత్తగారి వంకా చూడలేదు. అప్పుడు పేరంటాలమ్మ నోరు తెరిచింది. నేనే తీశానని చెప్పడానికే తెరిచింది పాపం. వచ్చిన మాట వేరు. "నేను రోజూ చెబుతూనే ఉన్నాను, వింటేగా!" అనేసింది.

ఆ మాట తన చెవులకే వినపడి ఆవిడకి ఒళ్ళంతా చెమట పట్టింది. కానీ అన్నమాట అన్నదే. మూడో రోజుకి ఊలు దొరక్కపోతే నాంచారి మగ్గం దిగిపోవాలని చెప్పి బుచ్చయ్య వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళగానే పేరంటాలమ్మ ఏం చేసిందంటే, చెప్పడానికి నాకే సిగ్గు, కుళ్ళాయి దాచేద్దామని ఉయ్యాల దగ్గరికి పోయింది. పిల్లాడి తలకి పాత చీరముక్క కట్టి ఉంది!

"కుళ్ళాయేదే?" అంది నెమ్మదిగా.

"ఎండ బాగుందని తీశానత్తా. నా బట్టల పెట్టెలో, అడుగున ఉంది," అంది నాంచారి, పిల్లాణ్ణి ఊపుతూ.

కోడలికి మొదటినుంచీ తెలుసు! తెలిసి, ఎవరి కంటా పడకుండా దాచింది. కోడలు తనని రెండు కొడితే బాగుండుననిపించింది పేరంటాలమ్మకి. వీధిలో నిలబెట్టి తను తిట్టినట్టే తననీ తిడితే ఊపిరాడేది. ఆ పిల్ల వేడన్నం వడ్డించింది. ముద్ద దిగలేదు. మొదటి రోజు చెబుదామనుకుంది, చెప్పలేదు. రెండో రోజు బుచ్చయ్య గుమ్మం దాకా వెళ్ళి, సున్నం ఉందా అని అడిగి వచ్చింది. చంటీ, నవ్వకు. ఆవిడ ఏడుస్తూ వచ్చింది.

మూడో రోజు అందరూ వచ్చారు. నాంచారి మగ్గం మీద దుమ్ము తుడిచింది. ఊలు దట్టించే దువ్వెన కళ్ళకద్దుకుని బుచ్చయ్య చేతిలో పెట్టబోయింది.

పేరంటాలమ్మ ఇంక నిలబడలేకపోయింది. పెట్టె అడుగునుంచి కుళ్ళాయి తెచ్చి ఆ దువ్వెన మీద పెట్టింది. "దొంగని నేను. పోగు తీసింది నేను, ఖాళీ కుండకి గుడ్డ కట్టింది నేను, దాని మీదకి తోసింది నేను. మూడు రోజులు నోరు మూసుకుంది కూడా నేనే."

"నువ్వా వదినా!" అంది సూరమ్మ. ఆ మాట అట్లకాడతో వాత పెట్టినట్టు తగిలింది. తలొంచుకోలేదు ఆవిడ, నిలబడే ఆ మాట పడింది.

తర్వాత కుచ్చు కోసి, కొస లాగింది. తెలుపు ఊడింది, నీలం ఊడింది, పచ్చ ఊడింది, పసుపు ఊడింది, ఎరుపు ఊడింది. ఊడితే ఏం లాభం? ఊలంతా మీరు తినే నూడుల్స్‌లా మెలికలు తిరిగి ఉంది. బుచ్చయ్య పెదవి విరిచాడు. నాంచారి మాత్రం చీరకొంగు దోపుకుంది. గొర్రెలవాళ్ళ పిల్ల కదా! గోరువెచ్చని నీళ్ళలో ముంచి, చిలపలుగా, అంటే పొడుగాటి కట్టలుగా, దండేనికి వేసి, కింద రాళ్ళు వేలాడగట్టింది. సాయంత్రానికి ఏ పోగుకా పోగు సాపు!

అత్తా కోడళ్ళు కోటకి వెళ్ళి చిల్లు పూడ్చారు. రాజుగారు చేత్తో తడిమి, చెప్పులు విడిచి కాలితో తడిమి, ఇంతకీ చిల్లు ఎక్కడ పడిందిరా అని బంట్రోతునే అడిగారట.

కట్టుబాటు కట్టుబాటే. పేరంటాలమ్మ మగ్గం ముందునుంచి తన పీట తనే తీసేసుకుని, రాట్నం ముందు కూర్చుంది. నాంచారి పుట్టింటి నుంచి గొర్రెపిల్లల మెత్తని బొచ్చు తెప్పించింది. తివాచీకి పనికిరాక పారబోసే కాగు అడుగు రంగులో ముంచి, "కుళ్ళాయి అల్లత్తా," అని ఒళ్ళో పెట్టింది. పేరంటాలమ్మ ఈసారి పాక వెనక కాదు, వీధరుగు మీద కూర్చుని అల్లింది. ఆ చలికాలం వెళ్ళేలోపు ఊళ్ళో ప్రతి పసివాడి తల మీదా లేతవన్నెల కుళ్ళాయి! సూరమ్మ మనవడికి మాత్రం రెండు. అందరూ చల్లగా ఉన్నారు.

తప్పు ఎవరైనా చేస్తారమ్మా. దాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టి ఊరుకోకండి. చెప్పాక పడే మాట కంటే చెప్పకముందు దిగని ముద్దే ఎక్కువ బాధ.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పటి దారి పడదాం. రేపు మీకు పిల్లలు పుట్టాక వాళ్ళకీ చెప్పండి. మీరెక్కడుంటే అక్కడే చెప్పండి. రంగులు మర్చిపోతే మీకు నచ్చిన రంగులు వేసుకోండి. కానీ ఆవిడ నోరు విప్పడానికి మూడు రోజులు పట్టిందే, అది మూడు రోజులనే చెప్పండి. ముసలావిడ మీద జాలిపడి ఒక్క రోజు కూడా తగ్గించకండి.