చేమాకు మీద చుక్క

లంబసింగి కొండమీద కెజియా అనే తల్లికి ఆ డిసెంబరులో వచ్చిన కష్టం పగవాళ్లకి కూడా రాకూడదు. ఆమెకి మంచు కావలసి వచ్చింది.

మంచుకి అక్కడ కరువా అంటారేమో. కరువేం లేదు. పొద్దున్నే తలుపు తీస్తే మంచే ముందు ఇంట్లోకి వస్తుంది, పాలవాడు తరవాత వస్తాడు. కోడి కూతకని నోరు తెరిస్తే మళ్లీ మూసుకోవడానికి పొయ్యి దగ్గరికి రావాలి. కెజియా మొగుడు సీలాసు కాఫీ తోటలో సూపర్‌వైజరు. గుమ్మం దిగాడంటే రెండో అడుగులో మాయం. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె అతని దగ్గుని బట్టే ఎంతదూరం వెళ్లాడో తెలుసుకుంటోంది.

కానీ ఆమెకి కావలసింది ఈ మంచు కాదు.

పిల్లల్ని బడికి పంపకుండా, ప్రార్థనతో మొదలుపెట్టి, ఇంట్లో తనే చదువు చెప్పుకుంటోంది కెజియా. దేవుడు చేసిన సృష్టిని పిల్లలు కళ్లారా చూసి నేర్చుకోవాలని ఆమె పట్టుదల. అందుకని ఎక్కడో చలిదేశపు తల్లి రాసిన ప్రకృతి పాఠాల పుస్తకం తెప్పించింది. చలికాలం మొదటి పాఠం ఏమిటంటే, ఆరుబయట నల్లగుడ్డ పరిచి, దానిమీద రాలే మంచు రేకుల్ని పిల్లలకి చూపించాలి.

కెజియా తన పెళ్లినాటి గొడుగు కత్తిరించి గుడ్డ పరిచింది. తెల్లారేసరికి అది ఏట్లో పడి లేచిన పిల్లిలా ఉంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు దాన్ని నిజంగానే పిల్లి ఎత్తుకుపోయింది.

"అమ్మా, మంచేది?" అన్నాడు పెద్దాడు హనోకు.

ఇదంతా మంచే కదా అంది. ఇది కాదన్నావుగా అన్నాడు వాడు. అది వేరే మంచు అంది. గడ్డి మీదున్నదా అన్నాడు. అదీ మంచే గానీ ఆ మంచు కాదంది. పొగలా కమ్మినా మంచే, చుక్కలా నిలిచినా మంచే, గడ్డకట్టి రాలినా మంచే. తెలుగువాళ్లంతా ఒక్క మాటతో సరిపెట్టుకుని తరతరాలుగా నిశ్చింతగా నిద్రపోయారు. ఆ లోటంతా వచ్చి కెజియా నెత్తిన పడింది.

అక్కడితో ఊరుకుంటే కెజియా ఎందుకవుతుంది? ఆవిరి ఎలా పుడుతుందో, నీరు ఎలా గడ్డకడుతుందో మొదలుపెట్టి పప్పు మాడేదాకా చెప్పింది. ఆమె బి.ఎడ్. చదివింది. తెలుగులో ఆమెకి రాని మాట ఒక్కటే, "తెలీదు". పిల్లలు అడిగినవాటికి ఎలాగూ చెబుతుంది. అడగనివాటికి ముందే చెబుతుంది. రెండో పిల్ల తబిత చీమని చూసి నోరు తెరిచేలోగా చీమ కాళ్లు, మీసాలు, కాపురం, సామెతలతో సహా అయిపోయేవి. తెరిచిన నోటితో పిల్ల ఓ ఆవులింత ఆవులించి మూసేసుకునేది. ఆఖరువాడు మీకాకి ఇంకా మాటలు సరిగా రావు. వాడి చదువంతా నాలికతోనే. గింజ, గులకరాయి, తండ్రి చెప్పు, అన్నీ ఒకసారి నాకి వదిలేవాడు.

హనోకు మాత్రం మెల్లమెల్లగా అడగడం మానేశాడు. పాఠం మొదలైతే కర్రపుల్లతో నేల గీస్తూ కూచునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు.

"వీడు మూగాడైపోతున్నాడు," అన్నాడు సీలాసు. క్రిస్మస్ వెళ్లగానే నర్సీపట్నం హాస్టల్లో వేసేద్దామని ఓ రేకు పెట్టె కొనుక్కొచ్చి, మూతమీద పేరు కూడా రాయించి, మంచం కింద పెట్టాడు. హనోకు రోజూ మంచం కిందికి దూరి, ఆ పేరుని వేలితో రుద్ది చూసేవాడు, చెరుగుతుందేమోనని. అది చూసినప్పుడల్లా కెజియాకి కొండంతా కదిలిపోయినట్టుండేది.

మొగుడూ పెళ్లాం వాదించుకుని వాదించుకుని చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. నెహెమ్యా అయ్యగారు ఏం చెబితే అదే.

పాస్టరుగారైన ఆ అయ్యగారు కెజియాకి చిన్నప్పుడు సండేస్కూల్లో గురువు. ఆయన వయసు తెలిసినవాళ్లంతా ఈపాటికి పరలోకంలో ఉన్నారు. ఆయన ప్రసంగం చెప్పడానికి లేచాడంటే జనం పూర్తిగా కూచునేలోగా ఆమెన్ వినపడేది. పండక్కి ముందు జరిగే సెమీ క్రిస్మస్ ప్రార్థనకని కొండెక్కి వచ్చి, మూడు శాలువల్లో చుట్టుకుని పొయ్యి పక్కన టీ తాగుతూ, ఇద్దరి మొరా విన్నాడు.

"రేపు పాఠం చెప్పమ్మాయ్, చూస్తాను," అన్నాడు.

పొద్దున్న ముగ్గురికీ స్వెట్టర్లు తొడిగేసరికి క్రిస్మస్ వెళ్లి ఈస్టర్ వచ్చినంత పనైంది. ఒకడికి తొడుగుతుంటే ఇంకొకతె విప్పేది. మీకా బూటు ఒకటి కనపడలేదు, రెండోది వాడి నోట్లో దొరికింది. ఎలాగో పెరటి వెనక, వాడిన నీళ్లు పారే చోట చేమమొక్కల పక్కన ముగ్గుర్నీ కూచోబెట్టి కెజియా పుస్తకం తెరిచింది. అయ్యగారు రాయిమీద కూచున్నాడు.

ఆ పూట ఆమె చెప్పిన పాఠానికి రాళ్లయినా కరగాలి. ఆకులెందుకు రాలతాయో, పిట్టలెక్కడికి పోతాయో, ఇవన్నీ ఎవరి చేతిపనో ఊపిరి తీసుకోకుండా చెప్పింది. తబిత ఒంటికి పోసుకోవాలంది. వెళ్లొచ్చి మళ్లీ పోసుకోవాలంది. మీకా రాయి నాకాడు. హనోకు నేలమీద ఒకటే గీత గీస్తున్నాడు, అలా గీస్తే ఇంకో గంటలో పాతాళం తగిలేది. ఇక ఆపుకోలేక కెజియా కసిరిన కసురుకి చింతపల్లి దాకా కాకులు లేచాయి.

"అయిందా?" అన్నాడు అయ్యగారు చెవి రుద్దుకుంటూ.

"ఏమవుతుంది అయ్యగారూ. ఇంత చెబితే ఆ కొండ ఈపాటికి డిగ్రీ ప్యాసయ్యేది."

అయ్యగారు లేచాడు. మోకాళ్లు చేసిన చప్పుడుకి మీకా వెనక్కి తిరిగి చూశాడు. ఆయన వంగి, ఓ చేమాకుని కాడతో సహా మెల్లగా తుంచాడు. ఆకు నడుమ రేగిపండంత మంచుచుక్క ఉంది. దాన్ని తెచ్చి కెజియా రెండు చేతుల్లో పెట్టాడు. పుస్తకం కింద పడింది.

"మాత్ర వేసుకొస్తాను. ఈలోగా చుక్క కింద పడకూడదు."

"మరి పాఠం?"

"చుక్క పడకూడదు," అని మంచులోకి వెళ్లి మాయమైపోయాడు.

చేమాకుకీ నీళ్లకీ ఉన్న పొత్తు చూసినవాళ్లకే తెలుసు. అంటదు, వదలదు. చుక్క పాదరసంలా పరిగెడుతుంది. "ఒరే హనోకూ, ఆ పుల్ల పడెయ్" అని ఆమె అనేసరికి అది ఆకు అంచుదాకా దొర్లింది. ప్రాణాలు ఉగ్గబట్టుకుని వెనక్కి వంచింది. ఇంకోసారి నోరు తెరిస్తే ఇంకో అంచుకి పోయింది. కెజియా నోరు మూసుకుంది.

మీకా ముక్కు గోదారిలా కారుతోంది, తుడవడానికి చెయ్యి లేదు. తబిత స్వెట్టరు విప్పి పొదమీద ఆరేసింది, అడగడానికి నోరు లేదు. ఇంతలో వంటింట్లోంచి అయ్యగారి గొంతు వినపడింది. ఇంకొంచెం పంచదార వెయ్యమంటున్నాడు సీలాసుని. మాత్రకి పంచదారెందుకో కెజియాకి అర్థమై ఒళ్లు మండింది. ఆ మంటకి కొండమీది మంచంతా విడిపోవలసింది. ఆకు విసిరికొట్టాలనిపించింది. కానీ ఈ చుక్క జారితే దానితోపాటు పిల్లాడూ కొండ దిగి జారిపోతాడని ఎందుకో అనిపించి, అలాగే గొంతుక్కూచుంది.

రైసుమిల్లు ఆగిపోతే ఏమైందోనని ఊళ్లో జనం బయటికొచ్చి చూస్తారు. అమ్మ గొంతు ఆగేసరికి పిల్లలూ అలాగే తలెత్తారు. ముందు తబిత వచ్చింది. తరవాత హనోకు పుల్ల పారేసి వచ్చాడు. ఇద్దరూ చెరోపక్కా కూచుని ఆకులోకి చూశారు. ఆమె ఏమీ చెప్పలేదు. చెబితే పడిపోతుంది.

"ఇందులో నేనున్నాను," అంది తబిత.

ఎదుటి కొండమీద మంచు కాస్త విడి, పల్చగా ఎండ వచ్చింది. హనోకు ఇంకా వంగి చాలాసేపు చూశాడు.

"అమ్మా, ఇందులో కొండ తలకిందులుగా ఉందేం?"

అలవాటు కొద్దీ ఆమె నోరు తెరిచింది. తెరిచి, తనూ చుక్కలోకి చూసింది. కొండ తలకిందులుగానే ఉంది. దాని కింద ఆకాశం. వాడి మొహం, దాని పక్కన తన మొహం, గోరంత. ఇన్ని చలికాలాలు ఈ కొండమీద ఉండి ఇది ఎప్పుడూ చూడలేదు. బి.ఎడ్. అంతా తిరగేసింది. ఏమీ దొరకలేదు.

"తెలీదురా," అంది, చుక్క కదలకుండా, గొంతు తగ్గించి.

కొండ నడుచుకుంటూ వచ్చి పలకరించినా హనోకు అంత ఆశ్చర్యపోడు. తల్లి మొహంలోకి చూశాడు. మళ్లీ చుక్కలోకి చూశాడు.

"ఇటు వంచితే తిరగబడుతుందేమో. కొంచెం వంచు. కొంచెమేనమ్మా. ఉండు, నేనూ పట్టుకుంటా."

తిరగబడలేదు. తబితని అవతలికి వెళ్లి నించోమన్నాడు. తబితా తలకిందులైంది. ఒంటికాలి మీద నించోమన్నాడు. చెయ్యి అడ్డం పెట్టాడు, తీశాడు. ఏసుప్రభువు పై నుంచి చూస్తే మనమూ ఇలాగే కనపడతామా అన్నాడు. అదీ తెలీదంది కెజియా. రెండోసారి అంత కష్టమనిపించలేదు. మరి ఎవరికి తెలుసన్నాడు. చూద్దామంది. ఇన్నాళ్లుగా దాచిన మాటలన్నీ ఏటిగట్టు తెగినట్టు వస్తున్నాయి వాడికి.

ఆ హడావిడిలో ఆమె చంక కిందనుంచి ఓ తల దూరింది. జుర్రుమని చప్పుడైంది.

మీకా మూతి తుడుచుకున్నాడు. ఆకు పొడిగా ఉంది.

సరిగ్గా అప్పుడే మంచులోంచి అయ్యగారు టీగ్లాసుతో వచ్చాడు. వెనకే సీలాసు. వంటింట్లోకి కొడుకు మాటలు వినపడుతూనే ఉన్నాయేమో, దగ్గు కూడా ఆపుకుని నించున్నాడు.

"చుక్కేదమ్మాయ్?"

"మీకా తాగేశాడు అయ్యగారూ," అంది కెజియా, సండేస్కూలు పిల్లలా. ఖాళీ ఆకు ఇంకా రెండు చేతుల్లోనే ఉంది.

అయ్యగారు మీకా వైపు వంగాడు. "ఎలా ఉందిరా?"

మీకా ఆలోచించాడు.

"తల్లగా."

"తాతయ్యగారూ, ఇంకోటి కావాలి, ఇంతకన్నా పెద్దది," అని హనోకు చేమమొక్కల్లోకి పరిగెత్తాడు. "మా అమ్మకి కూడా తెలీదంట." ఆ మాట వాడు మిఠాయి దొరికినట్టు చెప్పాడు. తబితా వెనకే పరిగెత్తింది. స్వెట్టరు పొదమీదే ఉంది. కెజియా పిలవలేదు.

అయ్యగారు గ్లాసులో అడుగున మిగిలిన పంచదార దాకా తాగి, గ్లాసు సీలాసు చేతికిచ్చాడు.

"ఆ రేకు పెట్టెలో బియ్యం పోసుకోండి," అన్నాడు. "ఎలకలు రావు."