స్కాచి చెక్క

దేవానందానికి ఒకటే బాధ. తొమ్మిదేళ్లుగా సింహాద్రయ్య మాస్టారి నిఘంటువుకి చాకిరీ చేస్తున్నాడు, కార్డుల బీరువా తాళంచెవి మాత్రం ఇంకా మాస్టారి మొలతాడుకే వేలాడుతోంది.

మాస్టారికి చూపు దాదాపు పోయింది. ఇంగ్లీషు మాటలకి తెలుగు అర్థాలు రాసిన ముప్పైవేల కార్డులు ఆ బీరువాలో ఉన్నాయి. తాళంచెవి ఎవరి చేతికొస్తే ఆయన తర్వాత నిఘంటువు వాళ్లది. ఆ చెయ్యి తనదేనని దేవానందం విజయనగరంలో నలుగురికీ చెప్పేసుకున్నాడు కూడా. అదీ వచ్చిన తంటా.

ఆ బీరువాకి ఒక కట్టుబాటుంది. ప్రతి అర్థం పక్కనా "చూసినవారు" అని ఒక గడి. వస్తువైతే కంటితో చూసి, మాటైతే మనిషి నోట విని, అప్పుడు సంతకం పెట్టాలి. ఇంకో నిఘంటువులో చూశానంటే చెల్లదు. సంతకం లేని అర్థం ఎన్నేళ్లయినా అలా పడి ఉండాల్సిందే. ఈ చాదస్తం వల్లే పుస్తకం అచ్చుకి పోవడం లేదని ఊళ్లో నవ్వుకునేవారు.

ఆషాఢమాసంలో ఒక పొద్దున్న దేవానందం కార్డు పట్టుకుని గెంతుతూ వచ్చాడు.

"స్కాచ్, మాస్టారూ! ఒక్క మాటకి ఏడర్థాలు సాధించాను!"

"చదువు."

చదివాడు. స్కాట్లండ్ మనుషులు. వాళ్లు మాట్లాడే భాష. వాళ్ల విస్కీ. అట్టపెట్టెలకి అంటించే పారదర్శకమైన టేపు. పుకారునో కుట్రనో మొదట్లోనే అణిచెయ్యడం. బండి దొర్లిపోకుండా చక్రం కింద పెట్టే చెక్క. నేలమీద గీసిన గీత, ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల ఆడేటప్పుడు గీస్తారే, అలాంటిది.

"మొదటిది సరిచెయ్యి," అన్నారు మాస్టారు. "అలా పిలిస్తే ఆ మనుషులకి గిట్టదు. స్కాట్ అనాలి. ఆ మాట నా పాత ఉద్యోగంలో ఇంజనీరు దొర నన్ను తిట్టి మరీ చెప్పాడు."

"అలాగేనండి."

"సంతకాలు?"

"ఏడింటికీ పెట్టేశానండి."

మాస్టారు నవ్వారు. "మూడోదాని పక్కన పెట్టింది నిజం సంతకమే అయ్యుంటుందిలే."

దేవానందం కూడా సిగ్గుపడుతూ నవ్వాడు.

"ఆరోది ఎక్కడ చూశావు నాయనా?"

"అదేనండి... రైల్వే యార్డులో. ఏదో పనిమీద వెళ్లినప్పుడు."

చూడలేదు. చక్రం కింద చెక్క పెడతారని పుస్తకంలో ఉంది, అందులో చూడ్డానికేముంది అనుకున్నాడు. అబద్ధం ఆడానని కూడా అనిపించలేదు పాపం.

 మాస్టారు లేచి చేతికర్ర తీసుకున్నారు. "కార్డు జేబులో పెట్టుకో. ఇవాళ అమావాస్య, నేను కొండమీదికి వెళ్లే రోజు. తోడు రా."

ఏటా ఆషాఢ అమావాస్యకి ఆయన ఒక్కరే ఎక్కడికో వెళ్లొస్తారని అందరికీ తెలుసు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదేళ్లలో తోడు రమ్మనడం ఇదే మొదటిసారి. తాళంచెవి ఇవాళే ఇస్తారు కాబోలనుకున్నాడు దేవానందం.

బస్సు దిగేసరికి మధ్యాహ్నం. ముసురు. అక్కడినుంచి కొండవాలుగా నడక. ఎప్పుడో మూతబడ్డ మాంగనీసు గని అది. ఇళ్లు లేవు, గుడిసెల మొండిగోడలు మాత్రం ఉన్నాయి. మంచు కమ్ముకుని పదడుగుల అవతల ఏముందో తెలియడం లేదు. దేవానందం రాళ్లు తగిలి తూలుతున్నాడు గానీ, చూపులేని మాస్టారు మాత్రం కర్రతో అడుగులు లెక్కపెట్టుకుంటూ చకచకా నడిచారు. రెండు వందల పన్నెండో అడుగు దగ్గర ఆగారు.

"ఇక్కడే."

ఎదురుగా ఒక ఇనపబండి. గనిలోంచి రాయి మోసే వాగను. వాలుగా ఉన్న పట్టాలమీద, తుప్పుతో ఎర్రగా, ఒంటరిగా నిలబడి ఉంది. చుట్టుపక్కల పట్టాలన్నీ పాత ఇనుము వాళ్లు పీక్కుపోయారు. ఈ నాలుగు బారల ముక్కనీ దీనిమీది బండినీ మాత్రం ముట్టుకోలేదు.

ముందు చక్రం కింద గుగ్గిలంమాను చెక్క ఒకటి ఉంది. ఏటవాలుగా చెక్కిన చెక్క, పసుపు రాసి ఉంది.

"స్కాచి వెయ్యి, స్కాచి తియ్యి అనేవారు ఇక్కడి కూలీలు," అన్నారు మాస్టారు. "దొరల దగ్గర పట్టిన మాట. ముట్టుకో."

దేవానందం వంగి చెయ్యివేసి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. అంత ముసురులోనూ ఆ చెక్క వెచ్చగా ఉంది, మనిషి ఒళ్లులా.

"మాస్టారూ, ఇదేంటండీ..."

"చక్రం వెనకాల పట్టామీద ఏముందో చెప్పు."

ఉన్నవి సున్నపు గీతలు. ఒకదాని కింద ఒకటి, వేలెడు వేలెడు దూరంలో, పైదాకా. దేవానందం లెక్కపెట్టాడు. నలభై. ఆఖరి గీతకీ చక్రం ఆనిన చోటికీ మధ్య వేలు పెట్టి చూశాడు. సరిగ్గా పట్టింది.

"నలభయ్యో గీత పోయినేడు చక్రం కిందే గీశాం," అన్నారు మాస్టారు.

"తుప్పుపట్టి బిగిసిపోయిన బండి కదండీ! ఎలా కదుల్తుంది?"

 జవాబు వెనకనించి వచ్చింది.

"దిగతన్నాది బాబూ. యేడాదికో యేలు."

దేవానందం అదిరిపడ్డాడు. మంచులోంచి ఒక ముసలమ్మ వచ్చింది. చేతిలో సున్నం ముంత, కొబ్బరిపీచు. బండి కిందవైపు నిలబెట్టిన ఒక తెల్లరాయి దగ్గరికి పోయి, రాయికీ చక్రానికీ మధ్య దూరం జానతో కొలిచింది.

"ఇంకా జానెడుంది," అంది. "అందాకా నానూ ఉంతాను."

"కొండమ్మా, బావున్నావా?" అన్నారు మాస్టారు. గురువుగారి గొంతు అంత చిన్నగా పలకడం దేవానందం ఎప్పుడూ వినలేదు.

"ఉన్నాను బాబూ. ఈ గుంటడెవుడు?"

"నా దగ్గర రాసేవాడు."

"నువ్వు రాసినట్టేనా?"

మాస్టారు తల దించుకున్నారు. తర్వాత, బండివైపు తిరిగి, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పారు.

"నేనిక్కడ గుమాస్తాని నాయనా. లోడు బండి వాలుమీద నిలిపాక, స్కాచి వేశారో లేదో చూసి పుస్తకంలో 'చూసితిని' అని సంతకం పెట్టాలి. అదే నా ఉద్యోగం. ఆ రోజు ఇలాగే వాన. గుడిసెలోంచి కదల్లేదు. రోజూ వేసేదే కదా, అందులో చూడ్డానికేముంది అనుకున్నాను."

 పొద్దున్న దేవానందం మనసులో అనుకున్న మాట అది. పైకి అననే లేదు.

"ఈమె మొగుడు పైడయ్య, బళ్లకి గొలుసులు తగిలించేవాడు. ఆ రాయి దగ్గర నిలబడ్డాడు. వాన హోరులో ఈ బండి దిగివచ్చిన చప్పుడే వినపళ్లేదు."

కొండమ్మ రాయికి సున్నం రాస్తోంది.

"దొర విచారణ చేశాడు. పుస్తకం తెరిచాడు. 'చూసితిని' అని ఉంది, కింద నా పేరుంది. గుమాస్తా చూశాక చెక్క ఎలా పోతుంది? పైడయ్యే తీసుంటాడు అని తేల్చారు. నేను నోరెత్తలేదు."

"దొంగ అన్నారు బాబూ," అంది కొండమ్మ, వెనక్కి తిరక్కుండానే. "సెక్క దొంగిలించి సచ్చినాడన్నారు. పొయ్యిలోకి పుల్లలు నేక ఎత్తుకెల్నాడంట. నా పిల్లల్ని ఊరంతా సెక్కదొంగ పిల్లలన్నారు."

 ముసురు బండి అంచుల్నించి కారి పట్టామీద పడుతోంది. అంత నిశ్శబ్దంలో చక్రం దగ్గర కిర్రుమంది. ఒక్కసారే. గాలి లేదు, ఎవరూ బండిని తాకలేదు.  దేవానందానికి పారిపోవాలనిపించింది, నిజంగా. ముసలాయన్ని ఆ మంచులో వదిలేసి బస్సురోడ్డుదాకా పరిగెత్తాలనిపించింది.

మాస్టారు కదల్లేదు. "తర్వాతేడు గని మూతపడింది. ఆ సంతకాల పుస్తకం పట్టుకుని నేనిక్కడికొచ్చి ఈమె కాళ్లమీద పడ్డాను," అన్నారు. 

కొండమ్మ లేచి, సున్నంలో వేలు ముంచి, చక్రం ఆనిన చోట నలభై ఒకటో గీత గీసింది. చెక్కని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని మాస్టారివైపు చూసింది. ఏటా అడిగేది కాబోలు, అలవాటుగా అడిగింది.

"బిగిసినాదా? సూసినావా బాబూ?"

"నాకిప్పుడు కళ్లు లేవు కొండమ్మా," అన్నారు మాస్టారు. "వాణ్ణడుగు."

ఆమె దేవానందం వైపు తిరిగింది. సున్నం కన్నా తెల్లగా ఉన్నాయి ఆమె కళ్లు. "సూసినావా బాబూ?"

చూశానమ్మా అనబోయాడు. ఇందాక చెయ్యి వేశాడు కదా, ఆమె దెబ్బలు కొడుతుంటే ఎదురుగా ఉన్నాడు కదా. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట బయటికి రాకముందే చక్రం దగ్గర మళ్లీ కిర్రుమంది.

"లేదమ్మా," అన్నాడు. "చూళ్లేదు."

చూళ్లేదు అనడం అతని జన్మలో అదే మొదలు.

బురదలో మోకాళ్లమీద కూర్చున్నాడు. చెంప పట్టాకి ఆనించి చెక్క కిందికి చూశాడు. రెండు పక్కలా వేళ్లు పోనిచ్చి తడిమాడు. ఎడమవైపు చెక్కకీ పట్టాకీ మధ్య చిటికెనవేలు దూరేంత సందుంది. రాయి తీసుకుని కొట్టాడు. మళ్లీ తడిమాడు, మళ్లీ కొట్టాడు. సందు మూసుకునేదాకా కొట్టాడు. చెక్క కింద వెచ్చదనం మెల్లగా చల్లారడం చేతికి తెలిసింది.

"ఇప్పుడు చూశానమ్మా. బిగిసింది."

కొండమ్మ అతన్ని చాలాసేపు చూసింది. తర్వాత మాస్టారితో అంది:

"ఆ దినం నువ్వూ సూడ్నేదని అనుంటే సాలు బాబూ."

మాస్టారు ముఖమ్మీద వానో కన్నీళ్లో తెలియలేదు. ఆమె ముంత తీసుకుని మంచులోకి నడిచిపోయింది.

దేవానందం బురద చేతుల్తోనే జేబులోంచి కార్డు తీశాడు. ఏడు సంతకాలూ ఒకే సిరాతో, ఒకే ఊపులో, అందంగా ఉన్నాయి. గురువుగారికి కనపడదని తెలిసినా కార్డు ఆయన ముందు పట్టుకున్నాడు. ఒక్కో సంతకం మీదా బొటనవేలు వేసి రుద్దాడు. విస్కీ దగ్గర ఒక్క క్షణం ఆగి, అది వదిలేశాడు. మిగిలినవన్నీ తడికి నీలంగా కరిగిపోయాయి.

ఆరోదాని పక్కన గడి ఖాళీ అయింది. కలం తీసి దానిమీద పెట్టాడు. పెట్టి, తలెత్తి చక్రంకేసి చూశాడు. కలం జేబులో పెట్టేసుకుని, ఇంకోసారి మోకాళ్లమీద వంగాడు.

వెనక మాస్టారు మొలతాడునించి తాళంచెవి విప్పుతున్న చప్పుడు వినిపించింది.