గవరమ్మ గీయని గీత

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో గవరమ్మ అనే అలుగు ఉండేదర్రా. అలుగంటే తెలుసుగా? ఒళ్లంతా పెంకులు, ఇంత పొడుగు నాలుక. చీమలూ చెదపురుగులూ దాని తిండి. భయం వేస్తే గుండ్రంగా ఉండ చుట్టుకుపోతుంది. మన గవరమ్మయితే సిగ్గేసినా ఉండే, బెంగపడ్డా ఉండే.

ఇప్పచెట్టు కింద బొరియ గవరమ్మదే. గోళ్లు అరిగిపోయేలా తవ్వుకుంది. ఆ ఎండాకాలం అక్కడ చీమలు కరువై, ఏరు దాటి పెద్దమ్మ దగ్గర రెండు నెలలు ఉండొచ్చింది. వచ్చేసరికి బొరియలో ముళ్లపంది దర్జాగా పడుకుని ఉంది. ఇది నా ఇల్లు, నీ దారిన నువ్వు పొమ్మంది. పైగా ముళ్లు నిక్కబొడిచింది. గవరమ్మేమో కడుపుతో ఉంది. తొలకరికి పిల్ల పుడుతుంది. జోరువానలో పసిగుడ్డును ఎక్కడ దాచుకోను అని దానికి కళ్లనీళ్లు ఆగలేదు.

అడవిలో తగవులు తీర్చేది ఏనుగు. గవరమ్మ మొర విని, నాలుగో రోజు విచారణ పెడతాను, ఎవరి వకీలును వాళ్లు తెచ్చుకోండి అంది.

గవరమ్మ ముందు నెమలి దగ్గరికి వెళ్లింది. ఇంకా కూర్చోనైనా లేదు, నెమలి పింఛం విప్పేసింది. తాను గెలిచిన తగవులన్నీ ఏకరువు పెట్టింది. నీ బొరియ నీకు వచ్చేసిందనుకో అంది. అసలు ఆ బొరియ ఎక్కడుందో కూడా అడగలేదు మహాతల్లి! గవరమ్మ మెల్లగా లేచి వచ్చేసింది.

తర్వాత తొండ దగ్గరికి వెళ్లింది. తొండ అంతా విని తల ఊపింది. గవరమ్మకు ప్రాణం లేచొచ్చింది. గెలుస్తామా అని అడిగితే తల ఊపింది. ఎందుకైనా మంచిదని, ఓడిపోతామా అని కూడా అడిగింది. దానికీ అలాగే ఊపింది. ఇంక అక్కడ కూర్చుని ఏం లాభం?

మూడోది దుప్పి. ముసలిది, నెమరు వేస్తూ తీరిగ్గా వింటుంది. గెలిపిస్తావా అమ్మా అని అడిగితే, "నాకింకా ఏమీ తెలియదే. తెలియకుండా ఎలా చెప్పను?" అంది. గవరమ్మ మొహం చిన్నబోయింది. అయినా దుప్పి ఒక పని చెప్పి పంపింది. మొదటి నుంచి ఏమేం జరిగిందో వరసగా గుర్తు చేసుకోవాలి. ఒక్కోదానికీ బెరడు మీద ఒక్కో గీత గీసుకుని, ఎవరు చూశారో ఎవరు విన్నారో ఆలోచించుకుని మర్నాడు రావాలి.

గవరమ్మ సాయంత్రం దాకా కూర్చుని ఏడు గీతలు గీసింది. మర్నాడు బెరడు పట్టుకెళ్లి అన్నీ చెప్పింది. దుప్పి వింటూ వింటూ నాలుగో గీత దగ్గర ఆగింది. నాలుగో గీత చీమలు కరువవడం. ఐదో గీత ఏరు దాటడం. రెంటికీ మధ్య బోలెడు ఖాళీ ఉంది.

"ఇక్కడ ఏం జరిగింది తల్లీ?" అని అడిగింది.

ఇంకేముంది, గవరమ్మ ఉండ చుట్టుకుపోయింది. దుప్పి కోప్పడలేదు, తొందరపెట్టలేదు. నెమరు వేస్తూ కూర్చుంది. చాలాసేపటికి ఉండలోంచి సన్నగా గొంతు వచ్చింది.

"వెళ్లేటప్పుడు నేనే ముళ్లపందిని పిలిచి, నేనొచ్చేదాకా ఇందులో ఉండు, కాస్త కనిపెట్టుకుని ఉండు అన్నాను. నా ఇల్లు నా చేతులారా ఇచ్చుకున్నానమ్మా. ఇది బయటపడితే నా పని అయిపోయినట్టే."

దుప్పి నెమరు ఆపేసింది. "పిచ్చిదానా, దాచాల్సింది ఇదా? ఆ మాట ఎవరైనా విన్నారా?"

తాను ఆ మాట అన్నప్పుడు ఇప్పచెట్టు కొమ్మ మీద వడ్రంగిపిట్ట ఉందని గవరమ్మకు గుర్తొచ్చింది. చెప్పాక గుండెల మీద నుంచి పెద్ద బండ దింపినట్టయింది. ఆ రోజు దొరికిన చీమల్నే కడుపునిండా తింది.

విచారణ రోజు ముళ్లపంది తెగ బుకాయించింది. బొరియ పాడుపడి ఉందట, ఎవరూ రమ్మనకపోయినా తానే వచ్చి చేరిందట. దుప్పి వడ్రంగిపిట్టను పిలిచింది. పిట్ట తాను విన్నది విన్నట్టు చెప్పింది. అప్పుడు ముళ్లపంది తడబడి, "అవును మరి, తనే కదా ఉండమంది!" అనేసింది.

ఏనుగు చెవులు ఆడించి, "తను ఉండమంటే ఉన్నావంటే ఇల్లు తనదనేగా. వచ్చేదాకా ఉండమంది, వచ్చేసింది. ఇక ఖాళీ చెయ్యి" అంది.

ఉండమన్న మాటే బొరియను నిలబెట్టింది, చూశారా! ముళ్లపంది ముళ్లు దించుకుని పొదల్లోకి నడిచింది.

తొలకరి చినుకులు పడ్డ రోజే గవరమ్మకు పిల్ల పుట్టింది. బయట వాన కురుస్తుంటే గవరమ్మ వెచ్చటి బొరియలో మళ్లీ ఉండ చుట్టుకుంది. ఈసారి సిగ్గుతో కాదు, బెంగతోనూ కాదు. మధ్యలో పిల్ల నిద్రపోతోంది.

నీతి: వినకముందే గెలిపిస్తాననేవాణ్ణి కాదు, విని, అడిగి తెలుసుకునేవాణ్ణి వకీలుగా ఎంచుకోవాలి. అతని దగ్గర మనకు సిగ్గనిపించే సంగతి కూడా దాచకూడదు.